మరపడవలును మురుగుకాలువలును

ఈ సంవత్సరము వేసవి సెలవులు ముగిసి పాఠశాల తెరచిన కొలదిదినములకే మన పురపాలక సంఘమువారి యొద్దనుండి ఒక ప్రకటన వచ్చినది. ఊరిచెరువులో మరపడవలను ఇకమీదట నడువనీయవలెనా, మాన్పవలెనా, లేక కొన్ని నిబంధనలకు లోబరచి యుంచవలెనా యను విషయమున పౌరులందరు తమతమ యభిప్రాయములను వ్రాసి పంపవలసినదని దాని సారాంశము. చెరువునీరు నానాటికి పచ్చబారుచున్నదనియు, వేసవిలో దుర్వాసన కొట్టుచున్నదనియు, రేవుల దగ్గర చమురుతెట్టె తేలుచున్నదనియు పలువురు మొఱపెట్టుకొనుటయే యీ ప్రకటనకు కారణము. పాఠశాలలను గూడ అడిగియున్నారు గనుక మేమును మా యభిప్రాయమును ఈ సంచిక మూలమున విన్నవింప సాహసించుచున్నాము.

మొదటనే ఒక సంగతి ఒప్పుకొనవలెను. ఈ వ్యవహారమున మేము తటస్థులము కాము. అర్ధసంవత్సర పరీక్షలు ముగిసిన మరునాడు విద్యార్థులను చెరువుగట్టునకు వనభోజనమునకు తీసికొనిపోవుట మన పాఠశాల యాచారము. ఆనాడు మరపడవ నెక్కి చెరువును చుట్టివచ్చుటకంటె పిల్లల కిష్టమైనది మరియొకటి లేదు. పాఠములన్నియు మరచిన పాతవిద్యార్థులు సైతము ఆ పడవషికారును మరువలేదని మాతో చెప్పుచుందురు. మేమును ఆ పడవ మొగమున కూర్చుండి నీటితుంపరలు మీదపడుచుండగా పిల్లలతోబాటు నవ్వినవారమే. కావున పడవలను గూర్చి మేము వ్రాయుమాట ఏనాడును పడవ యెక్కనివారి మాటవలె తేలికగా వచ్చినది కాదని చదువరులు గ్రహింతురుగాక.

ప్రకటన వచ్చిన వారమే పై తరగతుల వక్తృత్వ సంఘమున ఈ విషయమును చర్చకు పెట్టితిమి. తలిదండ్రులను, చెరువుచుట్టు కాపురమున్నవారిని గూడ ఆహ్వానించితిమి. అనుకొన్నదానికంటె ఎక్కువమంది వచ్చిరి. బెంచీలు చాలక కొందరు వసారాలో నిలువబడి వినిరి. వారి మాటలలో ముఖ్యమైనవానిని ఇచట క్రోడీకరించుచున్నాము.

దక్షిణపుగట్టున నివసించు ఒక గృహస్థుడు లేచి, తన పెరటిబావికి చెరువు ఊటయే ఆధారమనియు, ఆ నీటిని ఇప్పుడు వంటకు వాడుటకు తన యింట ఎవరును సాహసింపరనియు, కనుక చెరువులో పడవయన్నది కనబడకూడదనియు గట్టిగా చెప్పెను. చేపలు పట్టి జీవించు ఒక వృద్ధుడు, మరపడవల పంకాలకు చిక్కి తమ వలలు తెగిపోవుచున్నవని చెప్పి, అంతలోనే స్వరము తగ్గించి, “కాని నేడు మరపడవలను మాన్పించిన కలము రేపు మా తెప్పలను గూడ మాన్పించునేమో యని భయము” అనెను. మరపడవ నడుపు నొక తండ్రి, అప్పుచేసి పడవ కొంటిననియు, ఇంకను వాయిదాలు తీరలేదనియు చెప్పి, “మా పడవలు వచ్చి ఆరేండ్లైనది. చెరువు పచ్చబారుట మొదలై ఎన్నేండ్లైనదో పెద్దలు చెప్పవలెను” అని అడిగి కూర్చుండెను. ఒక తల్లి, ఈ యూరిలో బీదబిడ్డలకు వేరొక వినోదము లేదనియు, చెరువును దగ్గరగా చూడని పిల్లలు రేపు దానిని కాపాడుదురని ఎట్లు నమ్మగలమనియు ప్రశ్నించెను.

ఇట్లు గంటన్నరసేపు వాదోపవాదములు జరిగిన పిమ్మట, వసతిగృహములో నుండి తొమ్మిదవ తరగతి చదువుచున్న ఒక బాలుడు లేచి, “అయ్యా, మన వసతిగృహములో మేము స్నానము చేసిన నీరు ఎక్కడికి పోవును?” అని అడిగెను. కొందరు నవ్విరి. మేము మాత్రము జవాబు చెప్పలేకపోతిమి. ఇరువదియేండ్లుగా ఈ పాఠశాలలో పనిచేయుచు, భూగోళమున గంగాయమునల మార్గములను పటము మీద చూపించుచు, మన పెరటికాలువ మార్గమును ఎన్నడును విచారింపమైతిమి. ఆ బాలునికి చెప్పవలసిన జవాబు ఈ వ్యాసపు చివర నున్నది. దానికి ముందు పడవలసంగతి నిదానముగా ఆలోచింతము.

మరపడవవలన నీటికి కలుగు చెరుపు ఊహ కాదు. అది నాలుగు విధములుగా నుండును. మొదటిది చమురు. పాతరకపు టూ-స్ట్రోకు యంత్రములలో పెట్రోలును చమురును కలిపి పోయుదురు. అందులో ఇంచుమించు నాలుగవవంతు వరకు కాలకయే పొగతోబాటు నీటిలోనికి పోవును. రెండవది అల. వేగముగా పోవు పడవ లేపిన అలలు గట్టును కొట్టి మట్టిని కరగించును, ఒడ్డున రెల్లుదుబ్బులలో గ్రుడ్లు పెట్టు పక్షులను చెదరగొట్టును. మూడవది కలత. లోతు తక్కువైన చోట్ల పంకా త్రిప్పుడునకు అడుగుననున్న బురద పైకిలేచును. ఆ బురదలో ఏండ్లతరబడి దాగియున్న భాస్వరము మరల నీటిలో కలియును. నాలుగవది పరదేశపు జీవములు. ఒక సరస్సులో తిరిగిన పడవను ఎండబెట్టక కడుగక మరియొక సరస్సులో దింపినచో, అడుగున అంటుకొన్న నత్తగుల్లలును మొక్కలును క్రొత్తచోట వ్యాపించును.

అయితే చెరువు పచ్చబారుటకు ముఖ్యకారణము ఇవి కావు. పొలమునకు ఎరువు వేసినట్లే నీటికిని ఎరువు పడినప్పుడు పాచి పెరుగును. ఆ యెరువు భాస్వరము, నత్రజని. అవి మలమూత్రములనుండియు, వంటయింటి కడుగునీటినుండియు, సబ్బుపొడులనుండియు, పొలముల యెరువులనుండియు వచ్చును. పగలు పాచి ఎండకు పెరుగును. రాత్రి నీటిలోని ప్రాణవాయువును పీల్చివేయును. చచ్చి అడుగునకు చేరి కుళ్లునప్పుడు మిగిలినదానిని గూడ హరించును. అందుచేతనే కొన్ని చెరువులలో తెల్లవారుసరికి చేపలు వెల్లకిల తేలియుండుట చూచుచున్నాము. గుర్రపుడెక్క దళముగా అల్లుకొనుటకును ఈ యెరువే మూలము.

ఈ భేదమును పిల్లలకు మాటలతో చెప్పుటకంటె కన్నులకు చూపుట మేలని తలంచితిమి. ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో మాకు నేర్పిన మొదటి పాఠము అదియే. నాలుగు గాజుసీసాలను తరగతికిటికీలో ఎండ తగులునట్లు పెట్టించితిమి. ఒకదానిలో వాననీరు, రెండవదానిలో చెరువు నడుమనుండి తెచ్చిన నీరు, మూడవదానిలో అదే నీటిలో నాలుగుచుక్కల యంత్రపు చమురు, నాలుగవదానిలో అదే నీటిలో ఒక గరిటెడు మురుగునీరు. పదునైదు దినములలో నాలుగవ సీసా చిలుకపచ్చయైనది. మూత తీసినవారు ముక్కు మూసికొనిరి. చమురుపడిన సీసా పచ్చబారలేదు. కాని గాలికై నీటిపైకి వచ్చు చిన్నపురుగులన్నియు అందులో చచ్చిపడియుండెను. చమురు చేయు కీడు ఒకటి, మురుగు చేయు కీడు మరియొకటి యనియు, ఒకదానిని మాన్పినంతమాత్రమున రెండవది మానదనియు పిల్లలు దీనివలన తెలిసికొనిరి.

ఇతర ప్రదేశములవారు ఇట్టి చిక్కును ఎట్లు తీర్చుకొనిరో చూచుట మనకు ఉపకరించును.

మధ్యప్రదేశములోని భోపాలు నగరమున పెద్దచెరువు కలదు. మన పిల్లలు కథలలో వినుచుండు ఆ భోజరాజే, పదునొకండవ శతాబ్దమున, కోలాన్స్ నదికి అడ్డముగా మట్టికట్ట వేయించి దానిని నిర్మించెనని ప్రసిద్ధి. దాని విస్తీర్ణము సుమారు 31 చదరపు కిలోమీటర్లు. నగరవాసులలో నూటికి నలువదిమంది వరకు ఆ నీటినే త్రాగుదురు. 1995 మొదలు 2004 వరకు జపాను దేశపు ఋణసహాయముతో అచటి చెరువులను బాగుచేయు పెద్దపని జరిగినది. 2002వ సంవత్సరమున అది రామ్‌సార్ ఒడంబడికననుసరించి అంతర్జాతీయ ప్రాముఖ్యముగల జలభూములలో చేరినది. అట్టి చెరువులో పర్యాటకుల నిమిత్తము డీజిలుతో నడచు విహారనౌకయు, మరపడవలును తిరుగుచుండెను. 2023 సెప్టెంబరులో జాతీయ హరిత ట్రిబ్యునల్ వాని నాపవలసినదని ఆజ్ఞాపించినది.

ఆ తీర్పులోని న్యాయము మాకు స్పష్టముగా తోచుచున్నది. చెరువును చూచి ఆనందించువాడు ఒక గంటసేపు దాని దగ్గర నుండును. దానిని త్రాగువాడు జీవితాంతము దానితో నుండును. ఈ రెండు ప్రయోజనములకు విరోధము వచ్చినప్పుడు రెండవదియే గెలువవలెను. మరియు సభ పెట్టి అభిప్రాయములడిగినప్పుడు పడవవాడు తప్పక వచ్చును, ఏలయన వాని కూడు అందులో నున్నది. నీరు త్రాగు వేలకొలది జనులు రారు, ఏలయన కుళాయి త్రిప్పినప్పుడు ఆ నీరెచటిదని వారికి జ్ఞాపకమునకు రాదు. కావున సభలో వినబడిన గొంతులను మాత్రమే లెక్కించుట చాలదు. అట్లని వచ్చినవాని కూడు పోవుటను చిన్నసంగతిగా భావించుటయు ధర్మము కాదు.

రెండవ యుదాహరణము అమెరికా సంయుక్తరాష్ట్రములలో కాలిఫోర్నియా, నెవాడా రాష్ట్రముల సరిహద్దుననున్న తాహో సరస్సు. దాని లోతు 1,645 అడుగులు. ఆ నీరు ఎంత తేటదనగా, 1968లో విద్వాంసులు ఒక తెల్లని పళ్లెమును త్రాటికి కట్టి దింపినప్పుడు సంవత్సరపు సగటున నూరడుగులకు పైగా లోతువరకు అది కంటికి కనబడెను. ఏటేట ఆ లోతు తగ్గుచు వచ్చినది. 1999 జూను 1వ తేదీనుండి అచ్చట పాతరకపు టూ-స్ట్రోకు యంత్రములను నిషేధించిరి. పడవలు కలవారు చాలమంది అప్పుడు అభ్యంతరము చెప్పిరి. నిషేధము తరువాత నీటిలో పెట్రోలు జాడలు చాలవరకు తగ్గినవి. అనగా పడవలవలన కలిగిన కీడు పడవల నియమమువలన తగ్గినది. కాని నీటితేట మరలివచ్చినదా? రాలేదు. 2017లో, అనావృష్టి తరువాత అతివృష్టి సంభవించినప్పుడు, ఆ పళ్లెము సగటున సుమారు అరువదడుగుల లోతుననే కనుమరుగైనది. కొలతలు మొదలిడిన నాటినుండి అంత తక్కువ ఎన్నడును లేదు. కారణమేమనగా ఒడ్డున కట్టిన ఊళ్లనుండియు, రహదారులనుండియు వాననీటితో కొట్టుకొనివచ్చు మెత్తని దుమ్ము. కార్లలో వచ్చి ఒడ్డున నిలిచి పడవలను నిందించినవారి చక్రములక్రింది దుమ్ముగూడ అందులో కలదు.

మూడవది ఇంగ్లండు దేశపు విండర్‌మియర్. ఆ దేశమున సహజముగా నేర్పడిన సరస్సులలో అదియే పెద్దది. అచట వేగముగా పోవు మరపడవలను అదుపుచేయవలెనని 1990 దశకములో బహిరంగవిచారణ జరిగినది. పడవల వ్యాపారులొకప్రక్క, నెమ్మదిని కోరువారొకప్రక్క బలముగా వాదించిరి. తుదకు గంటకు 10 నాటికల్ మైళ్ల వేగమునకు మించరాదను నియమము 2000లో ఆమోదింపబడి, వ్యాపారులు మార్పునకు సిద్ధపడుటకై ఐదేండ్లు గడువీయబడి, 2005 మార్చిలో అమలులోనికి వచ్చినది. ఆ నియమము ముఖ్యముగా ప్రశాంతతకొరకు చేసినది గాని నీటికొరకు చేసినది కాదు. పడవలు నెమ్మదించినవి. అయినను 2022 వేసవిలో ఆ సరస్సుపై పాచి విస్తారముగా పెరిగి జనులను కలవరపెట్టినది. చుట్టునున్న మురుగుశుద్ధి కేంద్రములనుండియు, ఇండ్ల సెప్టిక్ ట్యాంకులనుండియు చేరు భాస్వరమే అందుకు ఒక ముఖ్యకారణము. 2025లో అచటి ప్రభుత్వమువారు ఆ సరస్సులోనికి వాననీరు తప్ప మరేమియు చేరకుండ చేయవలెనను సంకల్పమును ప్రకటించిరి. ఇరువదియేండ్ల క్రిందట పడవలను గూర్చి ఎంత వాదించిరో, మురుగును గూర్చి అంత వాదించియుండిన ఎంత బాగుండెడిదో గదా!

మన దేశభాగమునకే వత్తము. హైదరాబాదులోని హుస్సేన్‌సాగరము పదునారవ శతాబ్దమున ఇబ్రహీం కుతుబ్ షా కాలమున నిర్మితమైనది. ఒకప్పుడు నగరమునకు త్రాగునీరిచ్చినది. నేడు దానిలో పడవలు తిరుగుచున్న మాట నిజమే. కాని ఆ నీరు త్రాగుటకు పనికిరాకుండ పోయినది పడవలవలన అని తెలిసినవారెవ్వరును చెప్పరు. కూకట్‌పల్లి నాలా మొదలగు కాలువలు తెచ్చిన గృహముల మురుగును, కర్మాగారముల విషజలమును దానికి కారణములు. 1908 నాటి మూసీనది వరదల తరువాత కట్టిన ఉస్మాన్‌సాగరము, హిమాయత్‌సాగరములను అట్టి గతినుండి కాపాడుటకై 1996లో 111 సంఖ్యగల ప్రభుత్వపు టుత్తరువు పుట్టినది. వానికి నీరు పారివచ్చు ప్రాంతములోని 84 గ్రామములలో కర్మాగారములను, పెద్దకట్టడములను అది అరికట్టినది. నీరు త్రాగునది నగరము, నిర్బంధము మాకా యని ఆ గ్రామస్థులు అనేకులు ఏండ్లతరబడి అడుగుచు వచ్చిరి. 2022లో 69 సంఖ్యగల ఉత్తరువుతో ఆ నిర్బంధములను సడలించిరి. అందలి మంచిచెడ్డలను తేల్చుట మా యుద్దేశము కాదు. భారమునంతయు ఒకరిపై మోపి లాభమును మరియొకరు పొందు నియమము, ఎంత మంచిదైనను, జనుల మనస్సులలో వేరూనదని మాత్రము అది మనకు నేర్పుచున్నది.

ఈ యుదాహరణములన్నిటినిబట్టి మాకు తోచిన సత్యమొకటి కలదు. పడవలను నియమించుట మంచిదే, అవసరమే. కాని పడవ కంటికి కనబడును, చప్పుడు చేయును, దానికి యజమానుడు ఒకడుండును. మురుగు భూమిలోపల మౌనముగా పారును, దానికి యజమానులము మనమందరము. అందుచేత పడవను మాన్పించి చేతులు దులుపుకొనుట మనకు సులభము. ఆ సులభమైన పనితో తృప్తిపడుటయే ఇందులోని అపాయము.

ఇక ఆ బాలుని ప్రశ్నకు జవాబు. చర్చ జరిగిన మరుసటి శనివారము ఉదయమున వసతిగృహపు పిల్లలను పదిమందిని వెంటబెట్టుకొని, స్నానపుగదుల వెనుకనుండి కాలువను పట్టుకొని నడచితిమి. ఆ కాలువ వంటశాల నీటిని కలుపుకొని, ఆటస్థలపు ప్రహరీక్రిందుగా పోయి, రెండువీథుల మురుగుతో చేరి, చెరువు ఉత్తరపుమూలన, మనము వనభోజనము చేయు మఱ్ఱిచెట్టునకు ఎడమప్రక్కగా, రెల్లుపొదల చాటున నీటిలో పడుచున్నది. అచట నీటిరంగు మా కిటికీలోని నాలుగవ సీసా రంగే. పిల్లలెవ్వరును మాటాడలేదు. ఇన్నియేండ్లుగా ఆ మఱ్ఱినీడన పులిహోర తినుచు, చెరువందమును వర్ణించుచు వ్యాసములు వ్రాయించుచు వచ్చితిమి.

ఈ సంగతిని పురపాలక సంఘమువారికి పంపు ఉత్తరములో వ్రాయవలెనా యని ఉపాధ్యాయుల సమావేశమున తర్జనభర్జన జరిగినది. పాఠశాల గౌరవమునకు భంగమని కొందరు మిత్రులు శంకించిరి. వారి శంక అకారణము కాదు. తలిదండ్రుల నమ్మికయే పాఠశాలకు పెట్టుబడి. కాని మరపడవ నడుపు ఆ తండ్రి కుమారుడు మన పాఠశాలలోనే చదువుచున్నాడు. నీ తండ్రి పడవ నీటిని చెరుపుచున్నదని వానితో చెప్పి, మన కాలువమాట దాచినచో, ఆ పిల్లవానికి మనమిక ఏ నీతిపాఠమును చెప్పగలము? ప్రధానోపాధ్యాయులవారు ఈ మాట నంగీకరించి, ఉత్తరములోను, ఈ సంచికలోను ఉన్నదున్నట్లు వ్రాయుటకు అనుమతించినందులకు కృతజ్ఞులము.

మేము పంపిన సూచనలు ఇవి.

మొదటిది: చెరువులో మరపడవలను మాన్పవలెను. ఈ చెరువు లోతు లేనిది. చుట్టునున్న బావులకు ఊట ఇచ్చునది. కాని తెడ్లతో నడచు పడవలకు, కాళ్లతో త్రొక్కు పడవలకు, మత్స్యకారుల తెప్పలకు ఆటంకము లేదని నియమములోనే వ్రాయవలెను. అప్పుడు ఆ వృద్ధుని భయము తీరును; బీదబిడ్డల వినోదమును మిగులును.

రెండవది: మరపడవల యజమానులకు గడువీయవలెను. విండర్‌మియర్ వ్యాపారులకు ఐదేండ్లిచ్చిరి. ఇచట రెండేండ్లయినను ఈయరాదా? తెడ్లపడవల గుత్తను ఇచ్చునప్పుడు వారికే మొదట అడుగుహక్కు కలుగజేయవలెను. ఊరిమేలుకొరకు ఒకడు నష్టపడినప్పుడు ఊరు ఆ నష్టములో పాలుపంచుకొనవలెను.

మూడవది: పడవలు ఆగవలసిన తేదీ ఏ కాగితముపై నున్నదో, మురుగుకాలువలు ఆగవలసిన తేదీయు ఆ కాగితముపైననే యుండవలెను. ఇండ్లు, భోజనశాలలు, ఆసుపత్రులు, పాఠశాలలు ఎవరికిని మినహాయింపు కూడదు. అందరును ముందు శుద్ధులైనగాని ఎవరిని గూర్చియు నియమము చేయరాదని మా భావము కాదు. అట్లయిన ఏ నియమమును ఏనాటికిని పుట్టదు. ముందువెనుకలు లేక రెండును కలసి జరుగవలెనని మాత్రమే మా కోరిక.

నాలుగవది: ప్రతినెలయు నీటిని కొలువవలెను. తాహోలో చేసినట్లు, నలుపుతెలుపు రంగులు వేసిన పళ్లెమును త్రాటికి కట్టి మన విజ్ఞానతరగతి పిల్లలే దింపి, కనబడినంత లోతును చెరువుగట్టున పలకపై వ్రాయుదురు. మూడేండ్ల తరువాత ఆ యంకెలను చూచి నియమము ఫలించినదో లేదో ఊరివారే తీర్పు చెప్పవచ్చును. ఫలింపనిచో దానిని మార్చుటకు సిగ్గుపడనక్కర లేదు.

ఐదవది మనకు మనము విధించుకొన్నది. వసతిగృహపు మరుగుదొడ్లకు సరియైన సెప్టిక్ ట్యాంకును, స్నానపునీటికి ఇంకుడుగుంతను కట్టవలెను. వంటశాల కడుగునీటిని జిడ్డు తీసి ఆటస్థలము వెనుక అరటిమొక్కలకు మళ్లింపవలెను. ఇందుకు ధనము కావలెను. తలిదండ్రులును, పాతవిద్యార్థులును తమకు తోచినంత సహాయము చేయవలెనని ప్రార్థించుచున్నాము. ధనమీయలేనివారు ఒక ఆదివారము సాయంకాలము వచ్చి గుంత త్రవ్వుటలో చేయి కలిపినను అంతియే.

ఈ సంవత్సరపు వనభోజనమున మరపడవ నెక్కరాదని పై తరగతుల విద్యార్థులు తమంతట తామే తీర్మానించుకొనిరి. తెడ్లపడవలను మాటలాడుకొందుము. చెరువు చుట్టివచ్చుటకు ఎక్కువసేపు పట్టును, చేతులు నొప్పిపుట్టును, సగము చెరువే చూతుము. ఒకరిద్దరు చిన్నపిల్లలు ఇప్పటికే మొగము ముడుచుకొనియున్నారు. వారిని మేము నిందింపము, ఏలయన మాకును ఆ తుంపరలు జ్ఞాపకమున్నవి.

మరపడవ నడుపు ఆ తండ్రి మొన్న తన కుమారుని జీతము చెల్లించుటకు వచ్చి, “మీ కాలువ ఎప్పుడు మూయుదురయ్యా?” అని మమ్మడిగెను. ఆ ప్రశ్నలో కోపము లేదు. లెక్క మాత్రము కలదు. వచ్చే వేసవి సెలవులలోపల అని చెప్పితిమి. ఆ మాట ఇప్పుడిక్కడ అచ్చులో నున్నది. వచ్చే సంవత్సరపు సంచికను చేతబట్టుకొన్న చదువరులు మొట్టమొదట దానిని గూర్చియే మమ్మడుగవలెనని కోరుచున్నాము.